గానవిద్యయు గరిటెయు



గతమాసమున మేము వేసవి ఊరగాయలను గూర్చి వ్రాసి మీ యుత్తరములకై యెదురుచూచుచుంటిమి. ఉత్తరములకంటె ముందుగా ఒక ఊరగాయ జాడీయే మా గుమ్మమునకు వచ్చినది. దానిని తెచ్చినది మా వీధి చివరి యింటి కోడలు. ఆమె సంగీతమున పట్టా పొందిన పిల్ల. పెండ్లియైన నాటినుండి ఇంటనే పదునైదుగురు బాలికలకు సరళీస్వరములు మొదలుకొని కీర్తనల వరకు చెప్పుచుండెడిది. సాయంకాలము మేము దీపము పెట్టు వేళకు వారి గళము మా పెరటిలోనికి వినవచ్చెడిది.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వ్యాపించి పిల్లల రాక నిలిచిపోయినది. ఆమె ఫోనులో పాఠములు చెప్పి చూచినది. కాని గురువు పలికిన స్వరము శిష్యురాలికి ఒక్క క్షణమాలసించి చేరును. శిష్యురాలి స్వరము మరల ఒక్క క్షణమాలసించి తిరిగి వచ్చును. అట్టి చోట తాళము కలిపి పాడుట యెట్లు? పాఠములు సన్నగిల్లినవి. వ్యాధి తగ్గిన పిదపను వెళ్లిన పిల్లలలో సగముమందియైనను తిరిగి రాలేదు. ఇంటి ఖర్చులు మాత్రము ఎవరికొరకును ఆగవు. అందుచేత ఆమె అత్తగారివద్ద నేర్చిన పొడులును పచ్చళ్లును చేసి అమ్మ నారంభించినది.

ఆనాడు ఆమె జాడీ మా చేతికిచ్చి, "అక్కయ్యగారూ, గోంగూర. రుచి చూచి చెప్పండి" అనెను. మేమేమంటిమో వినుడు. "అయ్యో తల్లీ! అంత సంగీతము నేర్చి తుదకు పచ్చళ్లలో పడితివా?" అంటిమి. జాలిచేతనే అంటిమి. ఐనను జాలితో వేసిన రాయియు రాయియే గదా. ఆ పిల్ల ముఖము చిన్నబోయినది. "వీధిలో అందరును అన్న మాటే మీరును అంటిరా?" అని తల వంచుకొని వెడలిపోయినది. మేము పచ్చడి వెల యీయబోగా అందుకొననైన లేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా వారు బడిపిల్లల పరీక్షకాగితములు దిద్దుకొనుచు, "ఏమి, ఇంకను కూర్చుంటివి?" అని అడిగిరి. జరిగినది చెప్పితిమి. వారు కలము క్రింద పెట్టి, "నీవు వీణ మాని పదునాలుగేండ్లైనది. నిన్నెవరును ఏమియు అనలేదే!" అనిరి. ఆ మాటలో నిందలేదు. కాని నిజము కలదు. మా వీణ గోడనున్న మేకునకు గుడ్డ కప్పుకొని వ్రేలాడుచున్నది. మేమును పాట మాని వంటయింట ప్రవేశించినవారమే. మేము ఇంటివారికి వండితిమి గనుక లోకము మమ్ము ఇల్లాలనినది. ఆ పిల్ల పదిమందికి వండి వెల పుచ్చుకొన్నది గనుక చెడిపోయినదనినది. మేమును లోకముతో చేరి ఆ మాటయే అంటిమి.

ఈ చింతలో నుండగా మేము చదివియున్న ఆంగ్లదేశపు స్త్రీ కథ యొకటి జ్ఞప్తికి వచ్చినది. ఆమె గాయకురాలై మొదలిడి, పిదప వంటలక్కయై, వంటను గూర్చి టెలివిజనులో మాటలాడు వ్యాఖ్యాత్రియై పేరుపొందినది. ఆ కథను మీతో ముచ్చటించుట ఈ మాసపు మా సంకల్పము.

ఆమె పేరు ఆండీ ఆలివరు. పుట్టినది లండనులో. తలిదండ్రులు కరీబియను సముద్రములోని ఆంటిగ్వా ద్వీపమువారు. తండ్రి బ్రిటిషు వాయుసేనలో ఉద్యోగి యగుటచే ఆ కుటుంబము ఊళ్లు మారుచుండెడిది. ఆమె బాల్యమున కొంతభాగము సఫోకు మండలములోని బరీ సెంట్ ఎడ్మండ్సు అను పట్టణమున గడచినది. నల్లని మేనిచాయ గల కుటుంబములు అచట అరుదు. ఆ కారణమున తాను పొందిన అవమానములను ఆమె పెద్దదైన పిదప దాచక చెప్పియున్నది.

1980వ సంవత్సర ప్రాంతమున బ్రిస్టలు నగరమున కొందరు యువకులు "రిప్ రిగ్ అండ్ పానిక్" అను వాద్యబృందమును కూర్చిరి. రోలండ్ కర్క్ అను అంధుడైన జాజ్ విద్వాంసుడు 1965వ సంవత్సరమున వెలువరించిన రికార్డు పేరే ఆ బృందపు పేరు. జాజ్ సంగీతమును, ఆనాటి యువకుల పంక్ సంగీతమును, ఆఫ్రికా డోళ్ల నడకలును అందు కలిసియుండెడివి. ఆండీ సోదరుడు షాన్ ఆలివరు అందు మంద్రస్వరపు గిటారు వాయించెడివాడు. ఆండీయును, ఆమె ప్రాణస్నేహితురాలు నేనే చెర్రీయును అందు పాడిరి. 1981 మొదలు 1983 వరకు మూడు రికార్డులు వెలువడినవి. 1982వ సంవత్సరమున బి.బి.సి. వారి "ది యంగ్ వన్స్" అను హాస్యనాటికలో ఆ బృందము పాడునప్పుడు ఆంగ్లదేశమంతయు ఆండీని చూచినది.

ఆ బృందము ఎక్కువకాలము నిలువలేదు. సంగీతబృందములు ఉమ్మడి కుటుంబముల వంటివి. ఎన్నడు వేరుపడునో చెప్పలేము. నేనే చెర్రీ తనంత పాడి 1988వ సంవత్సరమున "బఫెలో స్టాన్స్" అను పాటతో దేశదేశముల పేరుగాంచినది. షాన్ ఆలివరు "విషింగ్ వెల్" అను పాటకు రచయితలలో నొకడు. ఆ పాట 1988వ సంవత్సరమున అమెరికాలో ప్రథమస్థానము నందుకొన్నది. రెండేండ్లు తిరుగకమునుపే, 1990వ సంవత్సరమున, అతడు యౌవనముననే సికిల్ సెల్ వ్యాధిచే మరణించెను. అది రక్తకణములు కొడవలి యాకారమునకు వంగి నాళములకు అడ్డుపడు వంశపారంపర్యపు వ్యాధి. మన మన్యప్రాంతముల గిరిజన కుటుంబములందును అది కలదు. తలిదండ్రులిరువురియందును ఆ లక్షణము దాగియున్నచో పుట్టు ప్రతి బిడ్డకును నాలుగింట నొకపాలు ఆ వ్యాధి వచ్చు అవకాశము గలదు. కావున అట్టి ప్రాంతములవారు వివాహమునకు ముందే రక్తపరీక్ష చేయించుకొనుట మేలు.

మరల ఆండీ కడకు వత్తము. ఆమెకు ఇరువదియేండ్ల ప్రాయముననే, 1984వ సంవత్సరమున, మికీటా అను కుమార్తె పుట్టినది. బృందము పోయినది, సోదరుడు పోయెను, చంకన బిడ్డ. స్నేహితురాలి పేరు మాత్రము లోకమున మారుమ్రోగుచున్నది. ఇట్టి వేళ ఎందరి మనస్సులు చేదుగాకుండును? స్నేహము చెడక నిలిచినది. అదియే ఆమెకు తరువాత దారి యైనది.

1990ల నడుమ ఆమె "ఛానల్ ఫోర్" అను టెలివిజను సంస్థవారి కార్యక్రమమున వ్యాఖ్యాత్రియైనది. పాటకు అలవడిన గొంతు మాటకు పనికివచ్చినది. ఇన్నియేండ్లును ఆమె ఇంట మిత్రులకును బంధువులకును వండిపెట్టుచునే యుండెను. 2007వ సంవత్సరమున బి.బి.సి. వారు ఈ స్నేహితురాండ్రనిరువురను వంటయింట నిలిపి, "నేనే అండ్ ఆండీ డిష్ ఇట్ అప్" అను కార్యక్రమమును ప్రసారము చేసిరి. పాతికయేండ్ల క్రిందట ఒకే వేదికమీద పాడినవారు ఒకే పొయ్యిముందర నిలిచి, ఒకరి మాటనొకరు అందుకొనుచు వండిరి.

పిదప ఆండీ లండనులోని పానశాలల వంటగదులను నడిపినది. 2016వ సంవత్సరమున స్టోక్ న్యూవింగ్టన్ అను పేటలో తన పేరనే భోజనశాల తెరచినది. 2017వ సంవత్సరమున "గ్రేట్ బ్రిటిష్ మెన్యూ" అను ప్రసిద్ధ కార్యక్రమమున తీర్పరియైనది. అది 2006వ సంవత్సరమున ఆరంభమైనది. బ్రిటను దేశపు ఆయా ప్రాంతముల వంటవారు పోటీపడి వండగా, గెలిచినవారు తుదను ఒక గొప్ప విందునకు వండుదురు. మొదటి సంవత్సరపు విందు ఎలిజబెత్ రాణిగారి యెనుబదవ జన్మదినమునకు సంబంధించినది. 2020వ సంవత్సరమున ఆ కార్యక్రమమును నడపు వ్యాఖ్యాత్రి స్థానము ఆండీకి లభించినది. 2022వ సంవత్సరమున కుమార్తెతో గూడి కరీబియను ద్వీపములకు పోయి తన పెద్దల జాడలు వెదకిన యాత్ర బి.బి.సి. యందు ప్రసారమైనది. 2023వ సంవత్సరమున "ది పెప్పర్‌పాట్ డైరీస్" అను వంటల పుస్తకము వెలువడినది.

ఈ పెప్పర్‌పాట్ అననేమో తెలిసికొన్నచో మీకు ఆశ్చర్యము కలుగును. ఆంటిగ్వా యందు ఆకుకూర, వంకాయ, బెండకాయ, గుమ్మడికాయ, ఉప్పు పెట్టిన మాంసము, అన్నియు ఒక్క కుండలో వేసి ఉడికింతురు. మాంసము విడిచినచో మన కలగూరపులుసునకు చుట్టమే. దానితో తినునది "ఫూంజీ". బెండకాయలుడికిన నీటిలో మొక్కజొన్న పిండి పోసి, ఉండకట్టకుండ తెడ్డుతో త్రిప్పి త్రిప్పి, గిన్నెలో ఆడించి ముద్ద చేయుదురు. రాయలసీమ సోదరీమణులు వినినచో "ఇది మా సంకటియే గదా!" అందురు. పిండి వేరు, సముద్రము వేరు. తెడ్డు త్రిప్పు చేతి నొప్పి ఒక్కటే.

ఆ కుండలో చరిత్రయు ఉడుకుచున్నది. చెరకుతోటలలో చాకిరి చేయించుటకై ఆఫ్రికానుండి మనుష్యులను బంధించి ఆ ద్వీపములకు కొనిపోయిరి. బెండకాయ వారితోడనే ఆ గడ్డ చేరినది. తోటల యజమానులు వారి తిండికి ఉత్తరదేశములనుండి చౌకబారు ఉప్పుచేపలు తెప్పించి పంచిరి. తినుమని పడవేసిన దానిని రుచిగల భోజనముగా మార్చినది ఆ స్త్రీల చేతులు. ఆంటిగ్వా యందు 1834వ సంవత్సరమున బానిసత్వము తొలగినది. 1981వ సంవత్సరమున ఆ దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినది. ఆ వంట మాత్రము ఎన్నడును పరాధీనము కాలేదు. ఆండీ ఆలివరు తన వంటకు ఆధారముగా గైకొన్నది దీనినే. లండనులో తాను నడిపిన ఒక వంటశాలకు ఆమె "వాడాడ్లి" అని పేరిడినది. అది ఆంటిగ్వాకు అచటివారు వాడుకగా పిలుచుకొను పేరు.

ఇంతవరకు చదివి మీలో కొందరు, "ఆమె మాట సరే, గాయకురాలు గరిటె పట్టుట పతనము కాదందురా?" అని యడుగవచ్చును. మేమును ఆ రాత్రి మమ్ము మేమే అడిగికొంటిమి. మా తండ్రిగారు చిన్ననాట చెప్పిన భారతము తలపునకు వచ్చినది. వంట చేసిన వీరులు అందిరువురు కలరు. ఒకడు విరాటుని కొలువులో వలలుడను పేర వంటయింట దాగిన భీముడు. ఆ యింటనే అతని తమ్ముడు బృహన్నలయై ఉత్తరకు నాట్యగానములు నేర్పెను. ఒక్క కప్పుక్రిందనే గరిటెయు గానమును! రెండవవాడు ఋతుపర్ణుని కొలువున బాహుకుడై యున్న నలుడు.

ఇరువురును వండిరి గాని ఇరువురి వంటయు ఒక్కటి కాదు. భీమునకు గరిటె వేషము. అజ్ఞాతవాసపు గడువు తీరినంతనే దానిని విడిచి గద నెత్తుకొనెను. నలునకట్లు గాదు. అతని రూపు మారినది, పేరు మారినది, రాజ్యము పోయినది. దమయంతి అతని నెట్లు కనుగొన్నది? కేశినిచే అతడు వండినదానిని తెప్పించి రుచి చూచి, "ఇది నా నలుని పాకమే" అని గుర్తెరిగినది. అన్నియు పోయినను పోనిది అతని చేతిరుచి. నలునకు గరిటె వేషము కాదు, అదియే గుర్తు.

కావున అడుగదగిన ప్రశ్న "ఈమె పాట విడిచి వంటకేల వచ్చినది?" అనునది కాదు. "ఈమెకు గరిటె వేషమా, గుర్తా?" అనునది. ఆండీ ఆలివరునకు అది గుర్తేయని మాకు తోచినది. పాడునప్పుడు ఆమెయొద్ద నున్నదేదియు వంటయింటి గడప బయట విడువబడలేదు.

వంటకును పాటకును చుట్టరిక మేమని మీరు నవ్వవలదు. మనము నిత్యము చెవితో వండుచున్నాము. తిరుగమోతలో ఆవాలు చిటపటలాడుట వినియే గదా తరువాతి దినుసు వేయుదుము? గారె నూనెలో పడినంతనే గలగల ధ్వని చేయును. ఆ ధ్వని పిండిలోని నీరు ఆవిరియై బుడగలుగా వెడలుటచే కలుగునది. నీరు తగ్గినకొలదియు బుడగలు తగ్గును, ధ్వనియు సన్నగిల్లును. చెవి గల యిల్లాలు చూడకయే "గారె వేగినది" అని చెప్పగలదు. పాడుటకు ముందు శ్రుతి చేసికొన్నట్లే వండుటకు ముందు కూరలు తరిగి, దినుసులు కొలిచి, వరుసగా పెట్టుకొందుము. ఇక పెద్ద వంటశాలలో పొయ్యికొక్కరు చొప్పున నిలిచి వండుచుండగా, అందరి వంటకములును ఒక్క బల్లకు ఒక్క నిమిషమున చేరవలెను. ఒకరు తొందరపడినను ఒకరు ఆలసించినను భోజనము చెడును. అది మృదంగము, వయొలిను, గాత్రము కలిసి సమమునకు వచ్చుట కాదా?

టెలివిజను ముందర వండుట అంతకంటె కష్టమైన కచ్చేరి. చేయి ఒక పనిచేయుచుండగా నోరు వేరొక మాట చెప్పవలెను. చూపు కెమెరామీద నుండవలెను. గడియారము తల వెనుక పరుగెత్తుచుండును. గంటసేపు ఉడుకవలసిన దానిని చూచువారి యెదుట గంటసేపు ఉడికింప వీలులేదు గనుక, ఒకటే వంటకమును తరిగినది, సగముడికినది, పూర్తియైనది అని పలుదశలలో ముందే వేరు వేరు గిన్నెలలో సిద్ధము చేసి ఉంచుదురు. దానికై తెరవెనుక వేరే వంటవారు పనిచేయుదురు. తెరమీద ఒక్క ముఖము కనబడును. తెరవెనుక పదిచేతులు అలసిపోవును. ప్రక్క వాద్యములు లేక పాట రాణించనట్లే ఇదియును. దాని నెరిగి, తోడివారిని కలుపుకొని పోవు గుణము బృందములో పాడినవారికి సహజముగా అబ్బును.

ఐనను సోదరీమణులారా, కథలోని వెలుగునే చూపి నీడను దాచుట ధర్మము కాదు. ఆండీ ఆలివరు తన పేర తెరచిన భోజనశాల నేడు లేదు, అది మూతపడినది. బృందము విరిగినట్లే వ్యాపారమును విరుగును. 1982లో ప్రేక్షకుల యెదుట పాడినదానికిని 2017లో తీర్పరి పీఠమెక్కినదానికిని నడుమ ముప్పదియైదేండ్లు గలవు. ఆ యేండ్లన్నియు వేదికమీదనే గడువలేదు. బిడ్డను పెంచుకొనుచు, చిక్కిన పని చేయుచు గడచినవి. గొంతు గల ప్రతి స్త్రీకిని బి.బి.సి. పిలుపు రాదు. వండ నేర్చిన ప్రతి స్త్రీకిని భోజనశాల కలుగదు. కావున "చూడుము, ఆమెవలె నీవును కమ్ము" అని ఆ పిల్లకు చెప్పుట మా యుద్దేశము కాదు. ఉన్నత స్థానమును పొందినచో గౌరవించి, పొందనిచో నవ్వు లోకమును మనము బలపరుపరాదు. ఆండీకి పేరు వచ్చుటకు ముందు చేసిన వంటయు ఆ వంటయే. పేరు రాకముందే దానికి గౌరవము కలదు.

ఇంకొక్క మాట. మన యిండ్లలో వంటకు జీతము లేదు, సెలవు లేదు, పేరును లేదు. అన్నము బాగున్నచో "బియ్యము మంచివి" అందురు, చెడినచో "ఎవరు వండిరి?" అందురు. ఆండీ ఆలివరు వంటి స్త్రీలు చేసిన మేలేమనగా, ఈ పనికి ఒక విద్య కలదని, దానికొక చరిత్ర కలదని, దానిని గూర్చి పదిమంది యెదుట మాటలాడవచ్చునని చూపుట. వంటను విద్య యనుకొన్నవారు దానికి వెల యడుగుటకు సిగ్గుపడనక్కరలేదు.

మరునాడు సాయంకాలము మేము ఆ జాడీని కడిగి తుడిచితిమి. పొరుగింటి గిన్నెను వట్టిదిగా తిరిగి యీయరాదని మన పెద్దలు చెప్పుదురు. అందు కొంత బెల్లము వేసి, పచ్చడి వెలను కాగితములో చుట్టి కొంగున ముడివైచుకొని, మా కుమార్తెను వెంటబెట్టుకొని వారియింటికి పోయితిమి. ఆ పిల్ల వంటయింట కందిపొడికి పప్పు వేయించుచున్నది. మమ్ము చూచి లేవబోయినది. "లేవకుము, పప్పు మాడును" అని మేమును పీట వాల్చుకొని కూర్చుంటిమి.

"అమ్మాయీ, నిన్న మేమన్న మాట తప్పు" అంటిమి. ఆమె పప్పు కలుపుచునే యుండెను. కొంతసేపటికి, "మీరొక్కరే కాదులెండి, అక్కయ్యగారూ. నాకును ఒక్కొక్కప్పుడట్లే తోచును. ఈ పని చేయుచుండగా చేయి నొచ్చదు గాని, ఎవరైన వచ్చినప్పుడు గొంతు నొచ్చును" అనెను. మేము ఆండీ ఆలివరు కథ చెప్పితిమి. నలుని కథయు చెప్పితిమి. నలుని కథ ఆమెకు తెలియును, ఆండీ కథ విని, "స్నేహితురాలు అంత పైకిపోయినను ఆమెకు అసూయ కలుగలేదా?" అని అడిగినది. "కలిగినదో లేదో ఆమెకే తెలియును, ఇరువురును కలిసి వండిరి, అది మాత్రము లోకము చూచినది" అంటిమి. ఆమె నవ్వినది.

పిదప పనిమాటలు మాటలాడితిమి. అమ్మకమునకు చేయు వంటకు ప్రభుత్వపు ఆహారభద్రతా సంస్థవారి నమోదు ఉండవలెనని, జాడీమీద చేసిన తేదీయు వాడిన దినుసులును వ్రాయవలెనని మా వారు చెప్పిపంపినదానిని చెప్పితిమి. ఆమె వెల కట్టు పద్ధతి నడిగితిమి. నూనె, ఉప్పు, కారము, గోంగూర, సీసా అన్నియు లెక్కించినది. తన పనిగంటలను మాత్రము లెక్కింపలేదు. "సంగీతము చెప్పినప్పుడు గంటకింతయని తీసికొంటివి గదా, ఇప్పుడేల మరచితివి?" అని అడిగితిమి. ఆమెకు వెంటనే సమాధానము తోపలేదు. కాగితమొకటి తీసి మరల లెక్కవేయ నారంభించినది. మేము ఇచ్చిన వెలను ఈమారు పుచ్చుకొన్నది.

తుదకు వచ్చిన పని చెప్పితిమి. "మా పిల్లకు సంగీతము చెప్పవలెను. జీతము నీవు చెప్పినంత" అంటిమి. ఆమె మూకుడు దింపి, చేతులు తుడుచుకొని, మా పిల్లను దగ్గరకు పిలిచి, "ఏదీ, సా అను" అనెను. మా పిల్ల సిగ్గుపడుచు పలికినది. ఆమె కన్నులు మూసికొని విని, "శుక్రవారము నాకు పొడుల పని యుండదు. శుక్రవారము పంపండి" అనెను. మేము గడప దాటుచుండగా, "అక్కయ్యగారూ, మీ వీణకు తీగెలున్నవా?" అని వెనుకనుండి అడిగినది. లేవంటిమి. తెప్పింపవలెను.

సోదరీమణులారా, మీలో ఎందరో చిన్ననాట ఏదో యొక విద్య నేర్చి, పిదప వేరొకదానిలో ప్రవేశించియుందురు. మీ చేతిలోనిది వేషమో గుర్తో మీరే విచారించి మాకు వ్రాయుడు. ఎవరైన పొరుగమ్మాయి తాను చేసినది తెచ్చి మీ గుమ్మమున నిలిచినచో, ముందు రుచి చూడుడు; మాట తరువాత. గోంగూర చాల బాగున్నదని ఆమెకు ఆనాడే చెప్పవలసినవారము, ఇందుమూలముగా చెప్పుచున్నాము.